తుమ్మెద కోసం తంగేడు

పెత్రమాస వచ్చిందంటే మియాపూర్‌లో రోడ్డు పక్కన తంగేడు పూల కుప్పలు వెలుస్తాయి. మొక్క ఎక్కడుందో తెలీదు, పువ్వుకు మాత్రం బేరమాడాలి! అపార్ట్‌మెంట్లు లేవకముందు నగరం చుట్టూ రాళ్ల బీళ్లలో ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగిన పొద అది. 2014లో రాష్ట్ర పుష్పమైంది. అయినా ఇళ్ల ముందు కుండీల్లో క్రోటన్లదే రాజ్యం.

బతుకమ్మకు పూలు కొనుక్కోవచ్చు. మరి తుమ్మెదలు ఎక్కడ కొనుక్కుంటాయి?

తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఉన్నదల్లా పుప్పొడే. అదీ అందరికీ అందదు. ఉప్పు డబ్బా మూతలా, కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయంతే. నల్లటి తుమ్మెద వచ్చి కేసరాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఎగరకుండానే రెక్కల కండరాలను జుమ్మని అదిలిస్తుంది. పుప్పొడి జలజలా రాలుతుంది! తేనెటీగకు ఈ విద్య రాదు. వంగ, టమాటా పూలకూ ఇలాంటి రంధ్రాలే ఉంటాయి. అంటే తంగేడు కోసం వచ్చిన తుమ్మెద మిద్దె మీది కూరగాయలకూ చుట్టమే. పిల్లల్ని కుడుతుందేమోనని భయం వద్దు. మగ తుమ్మెదకు కొండే ఉండదు, ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప సాధారణంగా జోలికి రాదు. తలుపులకు కన్నాలు పెడుతుందనుకుంటే ఓ ఎండు వెదురు బొంగు కట్టి ఉంచండి, అందులో గూడు పెట్టుకుంటుంది.

బీడులోని పెద్ద మొక్కను పీక్కొచ్చి నాటితే బతకడం కష్టం, వేరు లోతుకు పోయి ఉంటుంది. ఎండిన కాయల్లోంచి గింజలు తీసి, గట్టి పెంకును గరుకు కాగితం మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి విత్తాలి. ఎర్రమట్టి, కాస్త ఇసుక, పెద్ద తొట్టి, నిండా ఎండ... అంతే. నీళ్లు నిలిస్తేనే ప్రమాదం. పూత అయ్యాక కొమ్మలు కత్తిరిస్తే గుబురుగా వస్తుంది.

ఆకుల మీద పచ్చటి పురుగులు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టకండి. ఆకుపచ్చ ఛాయ ఉన్న తెల్ల సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది ఈ ఆకుల మీదే. నాలుగాకులు పోతే మళ్లీ చిగురిస్తాయి.

ఒక్క తొట్టి పూలు బతుకమ్మలో ఒక వరసకైనా చాలవు. ఎలాగూ కొనక తప్పదు కాబట్టి ఇంట్లో పూసినవి కొమ్మకే వదిలేయొచ్చు. కాయలు ఎండాక గింజలు కింది ఫ్లాటు వాళ్లకూ పంచొచ్చు.