తిండి ఆయ్తా?

పోయిన వేసవిలో ఇంటర్న్‌షిప్ పేరుతో రెండు నెలలు బెంగళూరులో ఉన్నాను. మొదటి పదిహేను రోజుల్లో ఎవరైనా ఊరెలా ఉంది అని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. పీజీ గది, ఆఫీసు, మధ్యలో ట్రాఫిక్. రాత్రయితే యాప్ తెరిచి, రేటింగ్ నాలుగు దాటిన బిర్యానీ ఏదో ఒకటి తెప్పించుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తినేయడం. గుంటూరులో తెప్పించుకున్నా, గచ్చిబౌలిలో తెప్పించుకున్నా అదే డబ్బా, అదే రుచి. నాన్న రోజూ ఫోన్ చేసి "తిన్నావా?" అనేవారు. "తిన్నా." "ఏం తిన్నావ్?" అంటే మాత్రం కాసేపు ఆలోచించుకోవాల్సి వచ్చేది.

ఒకరోజు పొద్దున ఆఫీసులో నా పక్క సీటు కన్నడ అబ్బాయి "తిండి ఆయ్తా?" అన్నాడు. నాకు కొంచెం చురుక్కుమంది. మన దగ్గర తిండి అనే మాట తిట్టడానికే కదా ఎక్కువ వాడతారు! తీరా తెలిసిందేమిటంటే కన్నడంలో తిండి అంటే టిఫిన్. మధ్యాహ్నం అదే మనిషి "ఊట ఆయ్తా?" అంటాడు. ఊట అంటే భోజనం. మనకేమో ఊట అంటే మాగాయ జాడీలోది. నేను ఇంకా ఏమీ తినలేదని తెలిసి కిందికి లాక్కెళ్లాడు. అలా మొదటిసారి దర్శినిలోకి అడుగుపెట్టాను.

బెంగళూరులో దర్శిని అంటే నిలబడి తినే హోటల్. ముందు డబ్బు కట్టాలి, చీటీ తీసుకోవాలి, ఆ చీటీ వంటగది గట్టు మీద పెడితే నిమిషంలో ప్లేటు వస్తుంది. కుర్చీలుండవు. ఛాతీ ఎత్తు గుండ్రటి బల్ల, దాని చుట్టూ నలుగురు అపరిచితులు. భుజాన బ్యాగు, ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో కాఫీ పట్టుకుని నిలబడితే నిజం చెప్పొద్దూ, అవమానంగా అనిపించింది. తిని పో అన్నట్టుంది. పైగా ఖారాబాత్ అని బోర్డు మీద చూసి ఆశగా చెబితే వచ్చింది ఉప్మా. హాస్టల్ నుంచి అంత దూరం పారిపోయినా అది నన్ను వదల్లేదు. (కాకపోతే ఇది టమాటా, వాంగీబాత్ పొడి, నెయ్యి వేసిన ఉప్మా. రెండోరోజు నేనే అడిగి తిన్నాను.)

ఆ నిలబడటం వెనుక ఒక లెక్క ఉంది. కూర్చున్న మనిషి టిఫిన్‌కు అరగంట తీసుకుంటాడనుకోండి, ఆ చోటు గంటకు ఇద్దరికే పనికొస్తుంది. నిలబడ్డవాడు పది నిమిషాల్లో వెళ్లిపోతే అదే చోట ఆరుగురు తింటారు. కుర్చీ అక్కర్లేదు కాబట్టి స్థలమూ తక్కువే చాలు. వడ్డించేవాళ్లు లేరు, బాకీ గొడవ లేదు. అద్దె అంతమంది మీద పంచుకుంటే ఇడ్లీ ధర దిగుతుంది. 1983లో జయనగర్‌లో కెఫే దర్శిని పేరుతో ఇది మొదలైంది, ఆర్.ప్రభాకర్ అనే ఆయన ఆలోచన. తర్వాత ఊరంతా దర్శినులే. వంటగది కళ్లెదుటే ఉంటుంది కాబట్టి దోసె ఎవరు పోస్తున్నారో, పెనం ఎలా తుడుస్తున్నారో చూస్తూ తినొచ్చు. ఆఫీసుకు పరుగెత్తేవాడి జేబునూ గడియారాన్నీ చూసి కట్టిన హోటల్ అది. నన్ను తరిమేయడానికి కాదు.

అప్పటినుంచి హోటల్‌కి వెళితే మెనూ కన్నా ముందు చూసేవి మారిపోయాయి. డబ్బు ముందా తర్వాతా? కుర్చీలున్నాయా? ముఖ్యంగా, ఇక్కడ ఏది లేదు?

ఈ చివరి ప్రశ్న నాకు నేర్పింది శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్. 1965 నాటిది. ఇడ్లీ, వడ, ఖారాబాత్, కేసరిబాత్, కాఫీ, టీ. దాదాపు అంతే. నేను గట్టిగా "సాంబార్ హాకి" అని నా కొత్త కన్నడంలో అడిగాను. పక్కనున్న పెద్దాయన నవ్వి, ఇక్కడ సాంబారు ఉండదన్నారు. ఇడ్లీ హోటల్లో సాంబారు లేకపోవడమేంటి? చట్నీ వేయించుకుని తిన్నాక ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. చట్నీ ఎన్నిసార్లు అడిగినా వేస్తారు.

ఆదివారాలు పాత బెంగళూరు వైపు వెళ్లడం అలవాటైంది. లాల్‌బాగ్ రోడ్డులోని ఎం.టి.ఆర్. 1924లో ఉడుపి వైపు నుంచి వచ్చిన మయ్య సోదరులు పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ చేసి చూశామని, అదే రవ్వ ఇడ్లీ అని వాళ్లు చెబుతారు. ఎమర్జెన్సీలో హోటల్ ధరలను ప్రభుత్వం బాగా తగ్గించి కట్టేస్తే, నాణ్యత తగ్గించడం ఇష్టం లేక పొట్లాల పిండి వ్యాపారంలోకి దిగారు. మన అమ్మలు కొనే ఆ గులాబ్ జామూన్ పొట్లం పుట్టుక వెనుక ఇంత రాజకీయం ఉంది!

మాంసం తినేవాళ్లకు ఊరు వేరే దారి చూపిస్తుంది: మిలిటరీ హోటళ్లు. రాగి ముద్ద, మటన్ పులుసు. రాగి సంకటి తిన్న రాయలసీమ వాళ్లకు కొత్తేం కాదు, కోస్తావాణ్ణి నేనే తడబడ్డాను. అక్కడి దొన్నె బిర్యానీలో బాస్మతి ఉండదు, చిట్టి ముత్యాల్లాంటి జీరక సాంబా బియ్యం. వక్క పట్టతో చేసిన దొన్నెలో పెడతారు. దొన్నె అన్నది మన మాట కూడా కదా, గుడిలో ప్రసాదం అందులోనేగా తింటాం. కన్నడ బోర్డు మీద ఆ మాట కూడబలుక్కుని చదవగలిగినరోజు ఊరు కొంచెం నాదనిపించింది.

చివరి వారం నన్ను తీసుకెళ్లడానికి నాన్న వచ్చారు. ఉత్సాహంగా నా దర్శినికి తీసుకెళ్లాను. ఆయన ప్లేటు పట్టుకుని చుట్టూ చూశారు, కుర్చీ కోసం. ఆయన మోకాళ్ల సంగతే మరిచిపోయాను. గంటకు ఆరుగురు అని నేను మెచ్చుకున్న లెక్కలో మా నాన్న లేరు. ఆయన ఏమీ అనలేదు, బల్లకు మోచేతులు ఆనించి గబగబా ఇడ్లీలు మింగేశారు. నాకే గొంతు దిగలేదు.

మర్నాడు గాంధీ బజార్‌లోని విద్యార్థి భవన్‌కి తీసుకెళ్లాను. 1943లో పెట్టింది, పేరుకు తగ్గట్టే చుట్టుపక్కల చదువుకునే పిల్లల కోసం మొదలైంది. బయట ముప్పావుగంట నిలబడాలి, కానీ అరుగు దొరికింది, నాన్న కూర్చున్నారు. లోపల గోడ మీద కన్నడ రచయితల బొమ్మలు. వడ్డించేవాళ్లు దోసె ప్లేట్లను చేతి మీద ఒకదానిపై ఒకటి మోచేయి దాకా పేర్చుకుని వస్తారు. దోసె బయట కరకర, లోపల మెత్తన, పల్చటి చట్నీ. అక్కడ బల్ల పంచుకోవాలి, మా ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నారు. నాన్న మెల్లగా నాతో "కారప్పొడి ఉండదేంట్రా?" అన్నారు. ఆ పెద్దాయన తలెత్తి "ఇక్కడ ఉండదండీ" అన్నారు, తెలుగులో! వాళ్లది చింతామణి అట, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. ఈ హోటల్ పక్కనే గది తీసుకుని చదువుకున్నారట, నలభై ఏళ్ల కిందట. ఊళ్లో ఎవరూ తెలియని రోజుల్లో రోజూ సాయంత్రం ఇక్కడికే వచ్చేవారట.

కాఫీ ఒకటే చెప్పి రెండు గ్లాసుల్లో తెమ్మన్నాను. దాన్ని బైటూ అంటారని నాన్నకు చెప్పాను. "సగం సగమేంట్రా, ఇంకోటి చెప్పు" అన్నారు నాన్న. పెద్దాయన తన గ్లాసు దించి, "పిల్లవాడికి ఊరు వచ్చేసింది లెండి" అన్నారు.