చీటీ అందని జరిమానా

జుమా నమాజు ముగిసి వచ్చేసరికి బండి మీద ఏ చీటీ ఉండదు. నెలల తరువాత ఆన్‌లైన్‌లో చూస్తే ఈ-చలానా కనబడుతుంది. "మాకు తెలియపరచనే లేదు, ఇదెలా చెల్లుతుంది హజ్రత్?" అని మమ్మల్ని అడిగే సోదరులు ఎందరో.

శిక్షకు ముందు ప్రవక్తను పంపడం అల్లాహ్ సంప్రదాయమని బనీ ఇస్రాయీల్ సూరా 15వ ఆయతు తెలుపుతుంది. కొందరు దీనినే ఆధారంగా చూపుతారు. అయితే అక్కడి విషయం ఆజ్ఞ చేరడం, శిక్ష వార్త చేరడం కాదు. 'నో పార్కింగ్' బోర్డు చూసి కూడా బండి నిలిపినవానికి ఆజ్ఞ చేరినట్లే. బోర్డే లేనిచోట నిలిపినవాని సంగతి వేరు.

ధనరూపమైన జరిమానాను ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) సమ్మతించలేదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) నుండి సమ్మతి ఉల్లేఖితమైంది. ఈ భేదాన్ని చలానా ఎగవేతకు సాకు చేసుకోవడం మాకు సమంజసంగా తోచదు. ఆ చర్చ పాలకుని అధికారానికి సంబంధించినది. దారికి హక్కులున్నాయని దైవప్రవక్త (స) బోధించారు. మస్జిదు సందులో అడ్డంగా నిలిపిన కారు వల్ల రోగిని ఆటో ఎక్కించలేకపోయిన పొరుగువారి హక్కు ఆ చర్చతో తొలగిపోదు.

ఇక చట్టం. కెమెరాలో నమోదైన ఉల్లంఘనకు 15 రోజులలోగా నోటీసు పంపాలని 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నియమాలలో చేర్చారు. ఆలస్యమైనా, ఫోటోలోని బండి తమది కాకపోయినా అభ్యంతరం చెప్పుకోవచ్చు, అది ధర్మసమ్మతమే. పాత బండి కొని పేరు మార్పించుకోనివారికి, ఫోను నెంబరు మారినవారికి సందేశం అందకపోవడంలో వింత లేదు. రవాణా శాఖ రికార్డులో ఆ రెండూ ముందుగా సరిచేయించుకోవాలి.