పిస్టల్ తూటా.. రైఫిల్ గొట్టం! చిటికెడు గన్‌పౌడర్ తేడా వస్తే ఏమవుతుంది?

ఐదు గ్రెయిన్లు. అంటే గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. ఒక మామూలు 9 ఎంఎం తూటాలో పట్టే గన్‌పౌడర్ ఇంచుమించు ఇంతే. ఈ చిటికెడు మందును ఇంట్లో టేబుల్ మీద పెట్టుకుని, తూకం వేసి, ఎవరి తూటాలు వాళ్లే తయారు చేసుకునే అలవాటు అమెరికాలో చాలామందికి ఉంది. దీన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. కాల్చేసిన ఇత్తడి కేస్‌ను ఏరుకొచ్చి, కొత్త ప్రైమర్ బిగించి, పౌడర్ పోసి, పైన బుల్లెట్ కూర్చోబెడతారు. చెప్పుకోవడానికి ఇంతే. అసలు తలనొప్పి ఏ పౌడర్ పోయాలన్న దగ్గరే మొదలవుతుంది. ఆ తూటాను పిస్టల్‌లో కాకుండా కార్బైన్‌లో కాల్చాలంటే లెక్క ఇంకొంచెం మారుతుంది.

ఇంతకీ ఏంటీ కార్బైన్?

పిస్టల్ తూటాను కాల్చే పొట్టి రైఫిల్‌ను పిస్టల్ క్యాలిబర్ కార్బైన్ అంటారు. ఇది కొత్త ఐడియా ఏమీ కాదు. 1873లో వచ్చిన వించెస్టర్ రైఫిల్‌కు .44-40 తూటా ఉండేది. కొన్నేళ్లకే కోల్ట్ కంపెనీ అదే తూటాతో రివాల్వర్ తెచ్చింది. నడుముకున్న బెల్టులో ఒకే రకం తూటాలు పెట్టుకుంటే రెండు తుపాకులకూ సరిపోయేవి. ఆ పేరులోని 40 అనే అంకె కూడా మందు లెక్కే. అప్పట్లో అందులో 40 గ్రెయిన్ల నల్లమందు కూరేవారు.

ఇప్పటి కార్బైన్లలో ఎక్కువగా కనిపించేది 9 ఎంఎం. బ్యారెల్ సాధారణంగా 16 అంగుళాలు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం రైఫిల్ బ్యారెల్ అంతకంటే పొట్టిగా ఉంటే ప్రత్యేకంగా రిజిస్టర్ చేయించాలి. అందుకే కంపెనీలన్నీ 16 దగ్గర ఆగుతాయి. అదే పిస్టల్ బ్యారెల్ నాలుగైదు అంగుళాలకు మించదు. కథంతా ఈ తేడాలోనే ఉంది.

మందు పేలదు.. మండుతుంది

చాలామంది గన్‌పౌడర్ ఒక్కసారిగా పేలుతుందనుకుంటారు. కానీ ఇప్పటి పొగలేని పౌడర్ మండుతుంది, అదీ చాలా వేగంగా. ఆ మంటలో పుట్టే గ్యాస్ బుల్లెట్‌ను ముందుకు నెడుతుంది. ఒక్కో పౌడర్ ఒక్కో వేగంతో మండుతుంది. బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్ లాంటివి ఫాస్ట్ పౌడర్లు. హెచ్‌పీ-38, యునిక్ మధ్య రకం. హెచ్110, 2400 లాంటివి నెమ్మదిగా మండే బ్యాచ్.

ఫాస్ట్ పౌడర్ బుల్లెట్ కొన్ని అంగుళాలు కదిలేలోపే దాదాపు మండిపోతుంది. ఆ తర్వాత కొత్త గ్యాస్ పుట్టదు, ఉన్న గ్యాసే వ్యాకోచిస్తూ బుల్లెట్‌ను తోస్తుంది. బ్యారెల్ ఎంత పొడుగున్నా వచ్చే అదనపు వేగం తక్కువే. అందుకే 9 ఎంఎం తూటా పిస్టల్‌లో కంటే కార్బైన్‌లో సెకనుకు సుమారు 100 నుంచి 200 అడుగులు మాత్రమే పుంజుకుంటుంది. రైఫిల్ గొట్టం కదా, రైఫిల్ పవర్ వచ్చేస్తుందని ఆశపడితే నిరాశే.

.357 మ్యాగ్నమ్ కథ వేరు. దాని కేస్ పెద్దది. హెచ్110 లాంటి నెమ్మది పౌడర్ అందులో బాగా పడుతుంది. పొట్టి రివాల్వర్‌లో ఆ మందులో కొంత గొట్టం దాటాకే మండి, కళ్లు చెదిరే మంటగా వృథా అవుతుంది. అదే లివర్ యాక్షన్ కార్బైన్‌లో మండటానికి చోటు, టైమ్ రెండూ దొరుకుతాయి. సెకనుకు 400 అడుగులకు పైగా అదనపు వేగం రావడం మామూలే.

మరి 9 ఎంఎం కార్బైన్‌లోనూ నెమ్మది పౌడరే పోస్తే సరిపోదా? అంత తేలిక కాదు. మొదటిది, ఆ చిన్న కేస్‌లో చోటు చాలదు. రెండోది, 9 ఎంఎం కార్బైన్లు చాలావరకు బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేస్తాయి. తలుపుకు గడియ ఉండదు, బరువైన బోల్ట్, వెనకాల స్ప్రింగ్ మాత్రమే తూటాను ఆపి ఉంచుతాయి. గ్యాస్ ఎక్కువసేపు ఒత్తిడి చేస్తే బోల్ట్ విసురుగా వెనక్కి వస్తుంది, మసి కూడా కాల్చేవారి ముఖం వైపే కొడుతుంది. అందుకే వీటికి ఫాస్ట్ లేదా మధ్య రకం పౌడర్ల వైపే హ్యాండ్‌లోడర్లు మొగ్గు చూపుతారు.

పోటీల్లో ఆడేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. యూఎస్‌పీఎస్‌ఏ పోటీల్లో బుల్లెట్ బరువును వేగంతో గుణించి వెయ్యితో భాగిస్తారు. కార్బైన్ విభాగంలో ఆ ఫలితం 125 దాటితే చాలు. 147 గ్రెయిన్ల బరువైన బుల్లెట్ సెకనుకు 860 అడుగుల వేగంతో వెళ్తే 126 వస్తుంది, పాస్. అంతకుమించి వేగం ఎవరికి కావాలి? తుపాకీ తక్కువ కుదిపితే చాలు. అందుకే బరువైన బుల్లెట్, కాస్త ఫాస్ట్ పౌడర్ కాంబినేషన్‌కు అక్కడ మంచి గిరాకీ.

ప్రమాదం ఎక్కడ దాగుంది?

ఫాస్ట్ పౌడర్‌లో పొదుపు ఉంది, ముప్పూ ఉంది. టైట్‌గ్రూప్ లాంటి చిక్కటి పౌడర్ కేస్ అడుగున కొంచెమే కనిపిస్తుంది. ఫోన్ మోగిందనో, ఎవరో పిలిచారనో చూపు తిప్పి, పోసిన కేస్‌లోనే మళ్లీ పోస్తే అది పొంగిపొర్లదు. చక్కగా పట్టేస్తుంది. పరిశ్రమ ప్రమాణాల ప్రకారం 9 ఎంఎంకు గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. డబుల్ డోసు పడితే ఆ గీత ఎక్కడో వెనకాల ఉండిపోతుంది. కార్బైన్ కాల్చేటప్పుడు చెంప తుపాకీకి ఆనించే ఉంటుందన్న సంగతి మర్చిపోకూడదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు కేస్‌ను బాగా నింపే, రెండోసారి పోస్తే బయటకు పొర్లే పౌడరే మంచిదని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. డబ్బా కాస్త తొందరగా అయిపోతుంది, అంతే.

తక్కువైనా తంటానే. పౌడర్ పడకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ను బ్యారెల్‌లోకి నెట్టి వదిలేస్తుంది. పొడుగు బ్యారెల్‌లో అది ఇరుక్కునే అవకాశం ఎక్కువ. టప్ మని చిన్న శబ్దం వస్తే వెంటనే ఆగాలి. ఆగకుండా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. హెచ్110 డోసు తగ్గించి వాడొద్దని దాన్ని అమ్మే కంపెనీ హాడ్జ్‌డన్ హెచ్చరించేది కూడా ఇలాంటి ప్రమాదాల వల్లే.

ఉక్రెయిన్ యుద్ధం తర్వాత పౌడర్‌కు ముడిసరుకైన నైట్రోసెల్యులోజ్‌కు ప్రపంచమంతా డిమాండ్ పెరిగింది. 2024లో అమెరికా మార్కెట్‌లో పౌడర్ కొరత, ధరల పెంపు రెండూ కనిపించాయి. అలవాటైన డబ్బా దొరక్క వేరేది కొన్నవాళ్లు పాత లెక్కనే కొత్త పౌడర్‌కు వాడితే అసలుకే మోసం. ఐదు గ్రెయిన్లు ఒకదానికి మామూలు డోసు, ఇంకోదానికి ప్రాణాంతకం. పౌడర్ మారితే కంపెనీ ప్రచురించిన డేటాలో కనిష్ఠ డోసు నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

మనవాళ్లు చేయొచ్చా?

భారత్‌లో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేస్తే ఆయుధాల చట్టం కింద నేరం. 2019 సవరణ తర్వాత దీనికి కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవం. అమెరికాలో సొంత వాడకానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, అమ్మితే మాత్రం కావాలి. అయితే ఎఫ్-1, హెచ్-1బీ వీసాల మీద ఉన్న తెలుగువాళ్లు ఒకటి గమనించాలి. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, వీళ్లు తుపాకీనే కాదు, తూటా దగ్గర పెట్టుకున్నా ఫెడరల్ నేరమే. స్నేహితుడి గ్యారేజీలో సరదాగా ఓ పెట్టె తయారుచేసి ఇంటికి తెచ్చుకున్నా అదే కేసు.