పింగాణీ పన్ను - నిలిచియుండు రంగు

కొన్నేండ్ల క్రిందట మెట్లమీద జారిపడి ముందుపన్ను సగము విరుగగొట్టుకొన్నాము. త, థ, ద, ధ, న అను అక్షరములు దంత్యములని ఏటేట నల్లబల్లమీద వ్రాయు మాకు, పన్ను విలువ ఆనాడు గాని సరిగా తెలిసిరాలేదు. దంతవైద్యులు పింగాణీ తొడుగు, అనగా అందరును 'క్యాపు' అని వ్యవహరించునది, అమర్చినారు. మొదట అది మిగిలిన పండ్లలో కలిసిపోయినది. రెండేండ్లు గడచునప్పటికి అద్దములో ఆ ఒక్క పన్నే వేరుగా, తెల్లగా కనిపింపసాగినది. పాఠము చెప్పునప్పుడు విద్యార్థుల చూపు పద్యముమీద గాక మా పంటిమీదనే యున్నదేమోనని శంకించి, నవ్వవలసినచోట కూడ పెదవులు బిగించుకొన్నాము. చివరకు రంగు మారిపోయినదని ఫిర్యాదు చేయుటకై వైద్యుల వద్దకు వెళ్లినాము.

ఆయన ఏమియు వాదింపలేదు. మొదట ఎంపిక చేసిన రంగు నమూనా పలుకను తెచ్చి, మా తొడుగు ప్రక్కన పెట్టి, అద్దము చేతికిచ్చినారు. రెండును ఒక్కటిగనే యున్నవి. "మారినది పింగాణీ కాదు సార్, ప్రక్కపండ్లు. రోజుకు ఎన్ని చాయలు త్రాగుతారు?" అని అడిగినారు. సమాధానము చెప్పుటకు మాకు సిగ్గు వేసినది. ఆ సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

పంటివైద్యమునకు పింగాణీ వచ్చుటకు కారణమే రంగు నిలుకడ లేమి. 18వ శతాబ్దిలో ఐరోపాలో కట్టుడుపండ్లను దంతముతో చెక్కెడివారు. అవి నోటితేమను, రంగులను పీల్చుకొని, మచ్చలు పడి దుర్వాసన కొట్టెడివి. ఆ బాధ భరింపలేక ఫ్రెంచి ఔషధవ్యాపారి అలెక్సిస్ దుషాటో 1774 ప్రాంతమున పింగాణీతో పలువరుస చేయించుకొన్నాడు. దుబువా ద షెమాన్ అను దంతవైద్యుడు ఆ పద్ధతిని మెరుగుపరచి ప్రచారము చేసినాడు. 20వ శతాబ్ది ఆరంభమున చార్లెస్ లాండ్ అను అమెరికా వైద్యుడు ఒక్కొక్క పంటికి పింగాణీ తొడుగు వేయు విధానమును వ్యాప్తిలోనికి తెచ్చినాడు. 1960 తరువాత లోహముమీద పింగాణీని కరిగించి అతికించు పద్ధతి ప్రబలినది. నేడు లిథియం డైసిలికేట్, జిర్కోనియా వంటి దృఢమైన పదార్థములు కూడ వాడుకలో నున్నవి.

పింగాణీ రంగు ఏల నిలుచును? దంతపింగాణీలో ముఖ్యభాగము ఫెల్డ్‌స్పార్ కరుగగా ఏర్పడిన గాజు. దానికి రంగునిచ్చునవి లోహపు ఆక్సైడులు: గోధుమవర్ణమునకు ఇనుము, పసుపుఛాయకు టైటానియం, నీలమునకు కోబాల్టు. ఇవి పైపూతలు కావు. కొలిమి వేడిలో గాజులో ఇమిడిపోయినవి. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మింపజేసిన బాద్షాహీ ఆషుర్ఖానా చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును. అచ్చటి గోడల మెరుగుపలకలు శతాబ్దములు గడచినను వన్నె తరుగలేదు. 1908 నాటి మూసీ వరదలో చెడిన క్రిందిభాగమును మాత్రము తరువాత రంగు పూసి సరిచేసినారు. కాలినరంగునకు, పూసినరంగునకు గల భేదము అచ్చట ఒకే గోడమీద కానవచ్చును.

అయినను పింగాణీకి హాని లేకపోలేదు. దానికి రక్ష పైనున్న గాజువంటి నునుపు. కాటు సరిచేయుటకై ఆ నునుపును అరుగదీసి అట్లే విడిచినచో, గరుకుతలములో చాయ, కాఫీ, తాంబూలముల రంగు పట్టును. కావున మరల కొలిమిలో మెరుగుపెట్టవలెను, లేదా బాగుగా పాలిషు చేయవలెను. ఆమ్లగుణముగల ఫ్లోరైడు జెల్ కూడ ఆ నునుపును తినివేయును. ఇక పలుచని పొరలుగా అతికించు వెనీర్ల విషయములో పింగాణీ మారకున్నను, అడుగునున్న రెజిన్ సిమెంటు పసుపెక్కినచో ఆ ఛాయ పైకి కనిపించును. పంటిరంగు రెజిన్‌తో నింపిన పూరణలు నీటిని పీల్చుకొనును గనుక, నునుపైన పింగాణీకంటె త్వరగా రంగు మారును.

ఈ మార్పును కంటితోనే గాక యంత్రముతోను కొలుతురు. 1976లో అంతర్జాతీయ ప్రకాశ సంఘము నిర్ణయించిన పద్ధతిలో ప్రతి రంగును మూడు అంకెలతో సూచింతురు. రెండు రంగుల నడుమ దూరమును 'డెల్టా ఇ' అందురు. 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము ఆ దూరము సుమారు 1.2 ఉన్నప్పుడు చూచువారిలో సగముమంది భేదమును గుర్తింపగలరు; 2.7 వరకు సగముమంది దానిని సహింతురు.

రంగు మారకున్నను మారినట్లు తోచుట మరియొక చిక్కు. ట్యూబులైటు క్రింద సరిపోయిన రెండు వస్తువులు ఎండలో వేరువేరుగా కనిపింపవచ్చును. కావున పంటిరంగును పగటివెలుతురులోను చూచి నిర్ణయించుట మేలు. చికిత్సకు ముందే, పండ్లు తడిగా ఉండగనే ఎంపిక జరుగవలెను. ఆరిన పన్ను ఉన్నదానికంటె తెల్లగా కనిపించును. పండ్లను శుభ్రము చేయించుకొనుట, తెలుపు చేయించుకొనుట తొడుగునకు ముందే ముగింపవలెను; తెలుపుచేయు మందు సహజదంతముమీద పనిచేయును గాని పింగాణీమీద పనిచేయదు.

ఆ దినముననే వైద్యులు మా పండ్లపై పేరుకొన్న చాయమరకలను తొలగించినారు. తొడుగు మరల తన వరుసలో కలిసినది. రోజుకు ఆరు చాయలు రెండైనవి. లేచి వచ్చునప్పుడు, ఫిర్యాదు చేయవచ్చినందులకు క్షమింపుమని ఆయనను కోరినాము. మరునాడు తరగతిలో దంత్యములు పలుకుచు, చాలకాలము తరువాత పెదవులు దాచుకొనక నవ్వినాము. మాతో పాటు విద్యార్థులును నవ్వినారు. వారి చూపు మాత్రము నల్లబల్లమీదనే యున్నది.