వార్తల్లో పదం: లూట్
లూటీ మనకు తెలిసిన మాటే. హిందీ నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లిన ‘లూట్’ ఇప్పుడు వీడియో గేమ్‌ల మాటగా తిరిగొచ్చింది. రాక్షసుణ్ని చంపితే కత్తో, కవచమో రాలిపడుతుంది. ఈసారి అంతకన్నా మంచిది పడుతుందేమోనన్న ఆశే ఆటను నడిపిస్తుంది. లాటరీ టికెట్ గీకినట్టే!

ఈ తరహాలో పేరుమోసినది బ్లిజార్డ్ వారి ‘డయాబ్లో’. మూడో భాగం 2012 మే 15న వచ్చింది. తొలి 24 గంటల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. సమీక్షల మార్కులను కూడగట్టే మెటాక్రిటిక్ సైట్‌లో విమర్శకుల సగటు 100కి 88. ఆటగాళ్లు మాత్రం పదికి నాలుగు దగ్గరే ఆగిపోయారు. ఒంటరిగా ఆడాలన్నా ఇంటర్నెట్ ఉండాల్సిందే. సర్వర్లు మొరాయించి, తెరమీద ‘ఎర్రర్ 37’ వెక్కిరించింది. అంతకన్నా పెద్ద పొరపాటు, అసలు డబ్బుతో ఆయుధాలు కొనుక్కునే వేలంశాల. వేటాడి తెచ్చుకోవాల్సింది బజార్లో దొరికితే ఇక వేటెందుకు? వందల గంటలు ఆడేవాడి విసుగు తొలివారం సమీక్షకు అందదు మరి.

2014 మార్చి 18న వేలంశాలను మూసేశారు. వారానికి ‘రీపర్ ఆఫ్ సోల్స్’ అనే అనుబంధం వచ్చింది. అందులో సమీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నవాటిలో మార్చిన లూట్ పద్ధతి ఒకటి.