వేసవికి చల్లని సొరకాయ సూపు
చేదు చూశాకే పొయ్యి మీదికి!

కురబలకోట, మదనపల్లె ప్రాంత రైతులకు సొరతీగ కొత్త కాదు. పందిరి మీదో, కంచె మీదో ఇంటికో పాదు ఉంటుంది. ధర లేనప్పుడు కోతకూలి, బాడుగ కూడా గిట్టక కాయలు తోటలోనే ముదిరిపోతాయి. అలాంటప్పుడు లేత కాయలు నాలుగు ఇంటికి తెచ్చుకుంటే ఎండపూట చల్లని సూపు చేసుకోవచ్చు. విదేశాల్లో ఈ సూపును జుకినీతో చేస్తారు. అదీ మన సొర, బీర, గుమ్మడి కుటుంబంలోదే.

కావలసినవి (నలుగురికి): లేత సొరకాయ అరకిలో, పులవని పెరుగు అర లీటరు, పచ్చిమిరపకాయ ఒకటి, చిన్న అల్లం ముక్క, వేయించి దంచిన జీలకర్ర అర చెంచా, కొత్తిమీర, ఉప్పు.

చేసే విధానం: కాయ చెక్కు తీసి, ముదురు గింజలుంటే తీసేసి, చిన్న ముక్కలు కోయాలి. మిరపకాయ, అల్లం చేర్చి, రెండు గ్లాసుల నీళ్లు పోసి ముక్కలు మెత్తబడేదాకా ఉడికించాలి. దించి పప్పుగుత్తితో బాగా ఎనపాలి. పూర్తిగా చల్లారాకే చిలికిన పెరుగు కలపాలి. వేడి మీద కలిపితే విరిగిపోతుంది. చివర ఉప్పు, జీలకర్ర, కొత్తిమీర వేయాలి.

ఫ్రిజ్ లేకున్నా ఫరవాలేదు. సూపును మట్టికుండలో పోసి తడి ఇసుక మీద పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టి, గాలి ఆడే నీడలో ఉంచాలి. తడి ఆరేకొద్దీ కుండ చల్లబడుతుంది. చేసిన పూటే తాగేయాలి.

సొరకాయలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే. దాహం తీరుతుంది కానీ బలం చాలదు. పొలం పనికి పోయేవారు దీనితోపాటు రాగిసంగటి తినాలి. రక్తపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకోవాలి.

జాగ్రత్త: కోయగానే చిన్న పచ్చిముక్క నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే వెంటనే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయాలి. పశువులకూ వేయరాదు. కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం వల్ల ఆ చేదు వస్తుంది. ఉడికించినా అది పోదు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త సొరకాయ, కాకరకాయ కలిపిన రసం తాగి మరణించారు. కాకర కలిస్తే సొర చేదు తెలియదు. అందుకే రెండూ కలపరాదు. చేదు కాయ తిన్నాక వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వస్తే చిట్కాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవాలి.

నీటి ఎద్దడి, అధిక వేడి ఉన్నప్పుడు కాయల్లో చేదు పెరగవచ్చు. చేదు తీగల పుప్పొడి సోకిన గింజల నుంచీ చేదు వస్తుంది. కాబట్టి వేసవిలో పాదు ఎండనీయరాదు. చేదు కాసిన తీగను పీకేయాలి, దాని నుంచి విత్తనం కట్టరాదు. అమ్మకానికి కోసే ముందు కూడా ప్రతి పాదు నుంచి ఒక కాయ కోసి రుచి చూడడం మంచిది. మన కాయ తినేది మరొకరి పిల్లలే కదా.