బ్రిటన్‌లో మెడనొప్పి వ్యాపారం: బిల్లు ఎవరు కట్టారు?

ఈరోజు ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడదాం. బ్రిటన్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్న మన తెలుగువాళ్లు ఎవరైనా మీకు తెలిస్తే అడగండి, వెంటనే గుర్తుపడతారు. తెలియని నంబర్ నుంచి కాల్. "ఈ మధ్య మీకు యాక్సిడెంట్ అయిందట కదా? తప్పు మీది కాకపోతే మీకు డబ్బులు రావాలి. పైసా ఖర్చు లేకుండా మేం ఇప్పిస్తాం." ఈ కాల్స్ ఎంత ఎక్కువయ్యాయంటే, మన అనుమతి లేకుండా ఇలా ఫోన్ చేయకూడదని 2018లో ఏకంగా చట్టమే తెచ్చారు.

సరే, యాక్సిడెంట్ అయింది మనకి. మరి ఆ సంగతి వాళ్లకెలా తెలిసింది? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని లాగితే మొత్తం కథ బయటికి వస్తుంది. చివర్లో మన బైక్ ఇన్సూరెన్స్ దగ్గరికి కూడా వస్తాను.

ముందు గాయం సంగతి చూద్దాం. మీరు సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నారు. వెనక కారు వచ్చి మీ కారుకి తగిలింది. బంపర్‌కి చిన్న సొట్ట, అంతే. కానీ ఆ కుదుపుకి తల ఒక్కసారి వెనక్కీ ముందుకీ ఊగుతుంది, మెడ పట్టేస్తుంది. దీన్ని విప్లాష్ అంటారు. ఇది నిజమైన గాయమే. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కొంతమందిని నెలల తరబడి వేధిస్తుంది. చిక్కు ఏంటంటే, ఇది మామూలుగా ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో కనపడదు. "నొప్పిగా ఉంది డాక్టర్" అని పేషెంట్ చెప్పేదే ప్రధాన ఆధారం. అంటే నిజంగా బాధపడేవాడి రిపోర్టు, నటించేవాడి రిపోర్టు దాదాపు ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు లాయర్ల దగ్గరికి వద్దాం. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో డబ్బు లేనివాళ్లు గాయాల కేసు వేయాలంటే ప్రభుత్వమే లాయర్ ఖర్చు భరించేది. 2000లో ఆ సాయాన్ని చాలావరకు ఆపేశారు. దాని బదులు "నో విన్, నో ఫీ" పద్ధతి ఊపందుకుంది. కేసు ఓడిపోతే లాయర్‌కి ఫీజు ఇవ్వక్కర్లేదు. గెలిస్తే మామూలు ఫీజు మీద అదనంగా సక్సెస్ ఫీజు, అది అసలు ఫీజుకి సమానంగా కూడా ఉండొచ్చు. ఈ మొత్తం ఓడిపోయినవాళ్లే కట్టాలి. రోడ్డు ప్రమాదాల్లో ఓడిపోయేది ఎవరు? దాదాపు ఎప్పుడూ ఇన్సూరెన్స్ కంపెనీయే. కేసు వేసే మనిషికి రిస్క్ లేదు. ఫీజు ఎంతైనా అతని జేబులోంచి పోదు కాబట్టి బేరమాడే అవసరమూ లేదు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు అన్నమాట.

పేదవాళ్లకి కోర్టు తలుపు తెరవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ తెరిచిన తలుపులోంచి వ్యాపారం కూడా లోపలికి వచ్చింది. 2004లో లాయర్ల మీదున్న ఒక నిషేధం తీసేశారు. అప్పటి నుంచి, కేసు తెచ్చిచ్చినవాళ్లకి లాయర్లు కమీషన్ ఇవ్వొచ్చు. దాంతో యాక్సిడెంట్ అయిన మనిషి పేరు, ఫోన్ నంబర్ అమ్ముకునే సరుకైపోయాయి. బండిని లాక్కెళ్లే రికవరీ ట్రక్కు వాళ్లు అమ్మారు, గ్యారేజీలు అమ్మాయి, బ్రోకర్లు అమ్మారు. ఒక్కో పేరుకి వందల పౌండ్లు.

అసలు ట్విస్ట్ ఇక్కడుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా అమ్మాయి! "క్లెయిమ్‌ల వల్ల మునిగిపోతున్నాం" అని ఒకవైపు గోల పెడుతూనే, ఇంకోవైపు తమ కస్టమర్ల వివరాలు లాయర్లకి ఇచ్చి కమీషన్ తీసుకున్నాయి. మాజీ మంత్రి జాక్ స్ట్రా 2011లో దీన్ని బయటపెట్టి పెద్ద రచ్చ చేశారు. ఆ ఫోన్ కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా?

ఇక నంబర్లు చూడండి. బ్రిటన్ రోడ్ల మీద 2000లో 3,409 మంది చనిపోయారు. 2010కి అది 1,850కి తగ్గింది. రోడ్లు ఇంతగా సురక్షితమయ్యాయి. మరి గాయాల క్లెయిమ్‌లు కూడా తగ్గాలి కదా? వాహన ప్రమాదాలకి సంబంధించి 2005-06లో సుమారు 4.6 లక్షల క్లెయిమ్‌లు నమోదైతే, 2011-12లో 8.2 లక్షలు దాటాయి.

ఇది ప్రీమియం మీద ఎలా పడుతుందో ఒక చిన్న లెక్క వేద్దాం. ఇది అర్థం కావడానికి నేను వేసుకున్న లెక్క మాత్రమే. వెయ్యి మంది కారు ఓనర్లు ఉన్నారు. ఏడాదికి 20 క్లెయిమ్‌లు, ఒక్కోదానికి అన్నీ కలిపి 10 వేల పౌండ్లు. మొత్తం 2 లక్షలు, అంటే తలా 200. ఇప్పుడు క్లెయిమ్‌లు 35 అయ్యాయి. మొత్తం 3.5 లక్షలు, తలా 350. జీవితంలో ఒక్క క్లెయిమ్ కూడా వేయనివాడు కూడా ఆ 350 కట్టాల్సిందే. కంపెనీ దగ్గర డబ్బులు కాసే చెట్టేమీ లేదు. ఇచ్చేదంతా మన ప్రీమియంల డబ్బే.

ఇంకో మాట. ఆ 10 వేలలో గాయపడిన మనిషి చేతికి వచ్చేది ఒక భాగమే. మిగతాది లాయర్ ఫీజు, మెడికల్ రిపోర్టు ఖర్చు, కేసు ఓడిపోతే ఎలాగని తీసుకున్న ఇంకో ఇన్సూరెన్స్‌కి ప్రీమియం, పేరు అమ్మినవాడి కమీషన్. పిల్లి తగవు కోతి తీర్చిన కథ మీకు తెలుసు కదా, రొట్టె ఎవరు తిన్నారో కూడా తెలుసు.

"మరి ఇన్సూరెన్స్ కంపెనీలు కోర్టులో పోరాడొచ్చు కదా?" అని మీరు అడగొచ్చు. వాళ్ల లెక్క వేరు. ఒక చిన్న కేసు మీద పోరాడే ఖర్చు, అడిగింది ఇచ్చేసే ఖర్చు కంటే ఎక్కువ. అందుకే మెడికల్ రిపోర్టు కూడా చూడకుండానే "ఇంత తీసుకోండి, వదిలేయండి" అని సెటిల్ చేసేవాళ్లు. అలా ఇచ్చిన ప్రతి చెక్కూ ఇంకో పదిమందికి దారి చూపించింది. ముఠాలు కూడా దిగాయి. రద్దీ రోడ్డు మీద కావాలని సడన్ బ్రేక్ వేసి, వెనకవాళ్ల చేత గుద్దించుకుని, కారులో ఉన్న నలుగురూ మెడ పట్టుకుని దిగడం. దీనికి అక్కడ "క్రాష్ ఫర్ క్యాష్" అని పేరే ఉంది. 2011లో ఇలాంటి నాటకం వల్ల ఏ సంబంధమూ లేని ఒక మహిళ ప్రాణం పోయింది.

అయితే ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. "చూశారా, క్లెయిమ్ వేసేవాళ్లంతా దొంగలే" అనుకుంటే తప్పు. 2010లో బ్రిటన్ ప్రభుత్వమే లార్డ్ యంగ్ అనే పెద్దాయన చేత ఒక రిపోర్టు రాయించింది. ప్రతిదానికీ పరిహారం అడిగే సంస్కృతి పెరిగిపోయిందన్నది నిజం కంటే ఎక్కువగా జనంలో ఉన్న అభిప్రాయమే అని ఆయన తేల్చారు. యాడ్స్ వల్ల, కాల్స్ వల్ల ఆ భావన బలపడిందన్నారు. నా ఉద్దేశంలో తప్పంతా మనుషుల బుద్ధిలో వెతకనక్కర్లేదు. క్లెయిమ్ పెరిగిన ప్రతిసారీ మధ్యలో ఉన్న అందరికీ లాభం వచ్చేలా నియమాలు రాశారు. మనుషులు ఆ నియమాల ప్రకారమే నడిచారు.

తర్వాత సర్దుబాట్లు మొదలయ్యాయి. 2013 ఏప్రిల్‌లో ఆ కమీషన్లని నిషేధించారు. సక్సెస్ ఫీజు ఓడినవాళ్ల మీద వేయకూడదన్నారు. చిన్న కేసుల్లో లాయర్‌కి వచ్చే ఫీజు 1,200 పౌండ్ల నుంచి 500కి దించారు. 2021 మే 31 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో విప్లాష్‌కి రేటు కార్డే పెట్టేశారు. మూడు నెలల్లోపు తగ్గే నొప్పికి 240 పౌండ్లు. ఏడాదిన్నర నుంచి రెండేళ్ల దాకా ఉంటే 4,215. 2025లో వీటిని సుమారు 15 శాతం పెంచారు. మెడికల్ రిపోర్టు లేకుండా సెటిల్ చేయడం కూడా నిషేధమే.

మరి ప్రీమియంలు తగ్గాయా? 2015లో ఈ మార్పుల గురించి చెప్పినప్పుడు ఏడాదికి 40 నుంచి 50 పౌండ్లు మిగులుతాయన్నారు. క్లెయిమ్‌లు నిజంగానే బాగా తగ్గాయి. కానీ అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీల సంఘం లెక్క ప్రకారం 2023 మొదట్లో 478 పౌండ్లున్న సగటు ప్రీమియం 2024 మొదట్లో 635 అయింది. ఈసారి కారణం మెడనొప్పి కాదు. రిపేర్ ఖర్చులు, స్పేర్ పార్టుల ధరలు, కార్ల దొంగతనాలు. ప్రీమియం పెరిగిన ప్రతిసారీ క్లెయిమ్ వేసినవాళ్లని తిట్టడం ఎందుకు కుదరదో ఇక్కడ తెలుస్తుంది.

నష్టపోయింది ఎవరంటే, నిజంగా దెబ్బ తగిలినవాళ్లు. ఒకప్పుడు వెయ్యి పౌండ్లు దాటి వచ్చే గాయానికి ఇప్పుడు రెండు మూడు వందలు. లాయర్‌ని పెట్టుకుంటే ఆ ఫీజు అందులోంచే పోతుంది. నాన్నా పులి కథలో అబద్ధం చెప్పినవాడే చివరికి నష్టపోయాడు. ఇక్కడ అబద్ధం ఒకరిది, నష్టం ఇంకొకరిది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన దేశంలో థర్డ్ పార్టీ ప్రీమియంని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బైక్‌కి ఏడాదికి 714 రూపాయలు. ఇక్కడా దొంగ క్లెయిమ్‌లు ఉన్నాయి. ఉత్తరప్రదేశ్‌లో వీటి మీద విచారణకి 2015లో హైకోర్టు ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది, ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కానీ మన పెద్ద సమస్య బ్రిటన్‌కి పూర్తిగా రివర్స్. రోడ్డు మీద తిరిగే బండ్లలో సగానికి పైగా ఇన్సూరెన్సే లేదు. హక్కుందని తెలియక అసలు అడగని కుటుంబాలు ఎన్నో. తెలిసినవాళ్లలో కూడా చాలామంది హాస్పిటల్ గేటు దగ్గరో స్టేషన్ దగ్గరో తగులుకున్న బ్రోకర్‌కి ఇంత శాతం అని రాసిచ్చేస్తారు.

అందుకే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం, గాయాలైన లేదా ప్రాణం పోయిన రోడ్డు ప్రమాదం మీద పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు పరిహార ట్రిబ్యునల్‌కి పంపాలి. ఆ రిపోర్టునే క్లెయిమ్‌గా తీసుకునే వీలు ట్రిబ్యునల్‌కి ఉంది. అంటే కేసు మొదలవడానికి మధ్యవర్తి అక్కర్లేదు. ఆ రిపోర్టుల కాపీ అడిగి తీసుకోండి. హాస్పిటల్ బిల్లులు, డిశ్చార్జ్ కాగితాలు, జీతం స్లిప్పులు దాచుకోండి. లాయర్ కావాలనుకుంటే మీరే వెతుక్కోండి, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవాడికి వకాలత్ ఇవ్వకండి. ఖాళీ కాగితాల మీద సంతకం అస్సలు పెట్టొద్దు.

నిజంగా దెబ్బ తగిలితే పరిహారం అడగడం అత్యాశ కాదు, దానికోసమే మనమంతా ప్రీమియం కడుతున్నాం. లేని దెబ్బకి అడిగితే మాత్రం ఆ డబ్బు పక్కింటివాడి జేబులోంచే వస్తుంది. ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. ఫోన్‌లో డిజిలాకర్ గానీ ఎంపరివాహన్ గానీ తెరిచి, మీ బండి ఇన్సూరెన్స్ ఏ తేదీ వరకు ఉందో చూసుకోండి. అయిపోయి ఉంటే ఈరోజే కట్టేయండి. మీ బండి వల్ల ఎవరికైనా ప్రమాదం జరిగి, ఇన్సూరెన్స్ లేకపోతే, ఆ లక్షలు కట్టాల్సింది మీరే. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.